విశ్వవిద్యాలయ ఇంగ్లీషు: అవసరం ఎవరిది, నిర్ణయం ఎవరిది?

విశ్వవిద్యాలయ విద్యార్థికి తన చదువు సాగడానికి ఎలాంటి ఇంగ్లీషు కావాలో ముందుగా తెలుసుకుని, దాన్నిబట్టి కోర్సు తయారుచేయడాన్ని భాషాబోధన రంగంలో అవసరాల విశ్లేషణ అంటారు. పాఠం వినడం, నోట్సు రాసుకోవడం, పాఠ్యగ్రంథం చదవడం, ల్యాబ్ రికార్డు, సెమినార్, పరీక్ష జవాబు, ప్రాజెక్టు రిపోర్టు ఇందులోకి వస్తాయి. వీటిలో ఏది ఎంత కావాలన్నది పైకి లెక్క తేల్చే పనిలా కనిపిస్తుంది. ప్రశ్నావళి పంచి, జవాబులు పోగేసి, శాతాలు కడితే చాలని అనుకునేవారు చాలామంది. కానీ ‘ఈ విద్యార్థికి ఇది అవసరం’ అన్న మాటలోనే ఒక విలువ నిర్ణయం ఉంది. అతడు ఏమి కాదలచాడు, ఎంత దూరం వెళ్లాలి, ఆ సంగతి చెప్పే హక్కు ఎవరిది అన్నవి తేలనిదే అవసరమూ తేలదు. సర్వేలు ఎన్ని జరిగినా ఈ తాత్విక ప్రశ్న అలాగే నిలిచి ఉంటుంది.

ఈ ఆలోచన తొలిసారి గట్టిగా రూపుదిద్దుకున్నది భారత ఉపఖండంలోనే. 1920లలో ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను నడిపిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషు దేనికి కావాలని సూటిగా అడిగాడు. మాట్లాడటం కంటే చదివి అర్థం చేసుకోవడమే వారికి ముందు కావలసిందని 1926లో వెలువడిన ‘బైలింగ్వలిజం’ అనే గ్రంథంలో వాదించాడు. దానితోపాటు బీమా రంగం నుంచి ‘సరెండర్ వాల్యూ’ అన్న భావనను తెచ్చాడు. పాలసీ మధ్యలో ఆపినవారికి కొంత సొమ్ము తిరిగివచ్చినట్టు, బడి మధ్యలో మానేసిన పిల్లవాడికి అప్పటిదాకా నేర్చిన ఇంగ్లీషులో ఏ మేరకు పనికొచ్చేది మిగులుతుందన్నది అతని ప్రశ్న. అప్పటి కోర్సులు చివరిదాకా చేరే కొద్దిమందిని చూసి కట్టినవి. దారిలో ఆగిపోయే ఎక్కువమందికి వాటిలో దక్కేది చాలా తక్కువ. అవసరం ఏమిటని అడగడానికి ముందు ఎవరి అవసరం లెక్కలోకి వస్తుందో చూడాలని వెస్ట్ చూపించాడు. ఈ రంగంలో తరువాత వచ్చిన పద్ధతులు చాలావరకు ఈ మెట్టును దాటవేసి సాగాయి.

అవసరం అన్న భావన తనంతట తాను నిలవదు. ‘దేనికి?’ అన్న ప్రశ్న దాని వెనుక ఎప్పుడూ ఉంటుంది. ఆంగ్ల తత్వవేత్త డేవిడ్ విగ్గిన్స్ 1980లలో ఈ విషయాన్ని విడదీసి చూపాడు. ఒక లక్ష్యం పెట్టుకున్నాక దానికి కావలసినవి కొన్ని, లేకపోతే మనిషి బతుకే దెబ్బతినేవి మరికొన్ని. మొదటి రకం అవసరానికి ఎంత బలం ఉందన్నది ఆ లక్ష్యం ఎంత మంచిదన్న దానిమీదే ఆధారపడుతుంది. క్యాంపస్ ఇంటర్వ్యూకి గ్రూప్ డిస్కషన్ అవసరమన్న మాట నిజమే కావచ్చు, కాని డిగ్రీ చదువు ఉన్నదే ఇంటర్వ్యూ కోసమా అన్నది వేరే ప్రశ్న. దానికి ఏ ప్రశ్నావళీ జవాబు చెప్పదు.

భారతీయ శాస్త్ర సంప్రదాయం ఈ విచారానికి ఒక చక్కని చట్రం ఇచ్చింది. ఏ శాస్త్రగ్రంథమైనా మొదలుపెట్టే ముందు నాలుగు సంగతులు చెప్పాలి: అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం. దీన్నే అనుబంధ చతుష్టయం అంటారు. ఎవరికోసం, ఏమిటి, ఆ ఏమిటికీ ఫలానికీ ఉన్న లంకె ఏమిటి, చివరికి ఫలం ఏమిటి అన్నవే ఆ నాలుగు. నేటి ఇంగ్లీషు సిలబస్‌లలో విషయం నిండుగా ఉంటుంది, ప్రయోజనం తొలిపేజీలో లక్ష్యాల కింద అచ్చవుతుంది. అధికారి గురించి దాదాపు ఏమీ ఉండదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి బీఎస్సీలో చేరిన అమ్మాయి, మొదటినుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివిన అబ్బాయి ఒకే పుస్తకం ముందు కూర్చుంటారు. సంబంధం సంగతి మరీ అధ్వానం. ఒక కథో వ్యాసమో చదివితే కెమిస్ట్రీ రికార్డు రాయడం ఎలా వస్తుందో ఎవరూ చెప్పరు.

1978లో జాన్ మన్బీ అవసరాలను పట్టుకోవడానికి చాలా వివరమైన నమూనా ఇచ్చాడు. విద్యార్థి ఎవరితో, ఎక్కడ, ఏ పనికి, ఏ మాధ్యమంలో, ఏ స్థాయిలో భాష వాడవలసి వస్తుందో అందులో వరుసగా నింపుకుంటూ పోతే కావలసిన నైపుణ్యాల జాబితా తయారవుతుంది. శ్రద్ధగా చేసిన పనే. కాని అందులో విద్యార్థి గురించి సమాచారం ఉంటుంది తప్ప విద్యార్థి నోటి మాట ఉండదు. 1987లో టామ్ హచిన్సన్, ఆలన్ వాటర్స్ ఈ లోటు గుర్తించారు. పరిస్థితి కోరేవి, విద్యార్థిలో కొరవడినవి, విద్యార్థి కోరుకునేవి అని మూడుగా విడదీసి, నేర్చుకునే క్రమంలో కావలసినవాటిని వేరే ఉంచారు. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగకపోవడం మామూలే. అసలు చిక్కంతా అక్కడే.

తెలుగు రాష్ట్రాల డిగ్రీ తరగతిలో ఏం కావాలని అడిగితే ఎక్కువగా వినిపించేది ‘స్పోకెన్ ఇంగ్లీషు’. అదే విద్యార్థి జవాబు పత్రం తెరిస్తే వేరే సంగతి కనిపిస్తుంది. ప్రశ్నపత్రంలో ఒకచోట ‘డిఫైన్’ అని, మరోచోట ‘డిస్కస్’ అని, ఇంకోచోట ‘జస్టిఫై’ అని ఉంటుంది. మొదటిదానికి నిర్వచనం చాలు. రెండోదానికి పక్షాలు, ప్రతిపక్షాలు కావాలి. మూడోదానికి ఒక మాట మీద నిలబడి కారణాలు చూపాలి. విద్యార్థి మాత్రం మూడింటికీ గైడులో ఉన్న అదే పేరాను మొదటినుంచి చివరిదాకా దింపుతాడు. విషయం అతనికి తెలియక కాదు. ఆ ఒక్క క్రియాపదం తననుంచి ఏ పని ఆశిస్తోందో ఎవరూ చెప్పలేదు. ఈ లోటును ఏ విద్యార్థీ ప్రశ్నావళిలో రాయడు, ఉన్నట్టు తెలియనిదాన్ని కోరుకోవడం కుదరదు గనక.

ఇక్కడ కఠోపనిషత్తు చెప్పిన శ్రేయస్సు, ప్రేయస్సు గుర్తుకు రావడం సహజం. విద్యార్థి కోరేది ప్రేయస్సు, గురువు ఎరిగినది శ్రేయస్సు అని తేల్చేయడం సులువు కూడా. కాని ఉపనిషత్తు కథ అలా నడవదు. సంపదలు, దీర్ఘాయువు, భోగాలు ఎర చూపింది గురుస్థానంలో ఉన్న యముడు. వాటిని కాదని శ్రేయస్సును పట్టుకున్నది నచికేతుడనే బాలుడు. మేలు ఏదో గుర్తించే శక్తి శిష్యుడికి ఉందన్న నమ్మకం మీదే ఆ సంభాషణ అంతా నిలిచింది. ‘పిల్లలకేం తెలుసు’ అనుకుని సిలబస్ కమిటీ గదిలో అవసరాలు ఖాయం చేయడానికి ఆ కథ ఆధారం కాదు.

పతంజలి మహాభాష్యం ఇంకా దగ్గరి ఉదాహరణ. దాని మొదటి ఆహ్నికంలోనే వ్యాకరణం ఎందుకు చదవాలన్న ప్రశ్న ఉంది. వేదం వల్ల వైదిక శబ్దాలు, లోకం వల్ల లౌకిక శబ్దాలు తెలుస్తూనే ఉన్నాయి, వ్యాకరణంతో పనేమిటని ఆనాటి విద్యార్థులు అంటున్నారని పతంజలి చెబుతాడు. అందుకు కసురుకోలేదు, శాసించలేదు. రక్ష, ఊహ, ఆగమం, లాఘవం, అసందేహం అని ప్రయోజనాలు చూపి, ఒక్కొక్కటీ వివరించాడు. విద్యార్థి మాటే తుదిమాట అని ఆయన ఒప్పుకోలేదు, అయినా ఆ మాటకు జవాబు బాకీ ఉన్నానని ఒప్పుకున్నాడు. అవసరాల విశ్లేషణకు ఇంతకంటే న్యాయమైన కొలత దొరకడం కష్టం. ఒకరి అవసరమని చెప్పేది వారి ఎదుట కారణాలతో నిలబెట్టగలిగేదై ఉండాలి.

విద్యార్థి గొంతుకు కూడా ఒక పరిమితి ఉంది. లేమిలో పెరిగినవారు తమ ఆశలను ఉన్న పరిస్థితికి తగ్గట్టు కుదించుకుంటారని, అలా కుదించుకున్న కోరికను వారి మేలుకు కొలతగా తీసుకోరాదని అమర్త్య సేన్ పదేపదే హెచ్చరించాడు. పల్లె కళాశాలలో ‘పాసైతే చాలు సార్’ అన్న మాట అలాంటిదే. దాన్ని యథాతథంగా రాసుకుని, పాస్ మార్కులకు సరిపడా కోర్సు కడితే జరిగిన అన్యాయమే సిలబస్‌గా మారుతుంది.

ఇంకో ప్రశ్న విశ్వవిద్యాలయం వైపు తిరుగుతుంది. పరిస్థితి కోరేదాన్ని విద్యార్థి అందుకోవాలన్నది మామూలు లెక్క. ఆ పరిస్థితే సరిగా ఉందా? న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో బోధించిన సారా బెనెష్ అవసరాల విశ్లేషణకు తోడుగా హక్కుల విశ్లేషణ ఉండాలని ప్రతిపాదించింది. లెక్చర్ వేగాన్ని అందుకోవడం ఎలాగో నేర్పడంతోపాటు, ఆ వేగాన్ని ప్రశ్నించే వీలు కూడా విద్యార్థికి ఉండాలన్నది ఆమె వాదన.

తెలుగు నేలకు ఇది బాగా వర్తిస్తుంది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో బోధిస్తూ ఇంగ్లీషును తప్పనిసరి భాషగా ఉంచింది. 1964–66 నాటి కొఠారి కమిషన్ ప్రాంతీయ భాషల్లో ఉన్నత విద్యను సమర్థిస్తూ, ఇంగ్లీషును గ్రంథాలయ భాషగా చూసింది. ఉన్నత విద్యకు తెలుగులో పాఠ్యగ్రంథాలు తెచ్చేందుకు 1968లో తెలుగు అకాడమీ పుట్టింది. అంటే విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఎంత అవసరమన్నది ఎన్నడూ ప్రకృతి నియమంలా లేదు, మనుషులు తీసుకున్న నిర్ణయాలను బట్టి మారుతూ వచ్చింది. నేటికీ ఇంగ్లీషు మీడియం అని పేరున్న ఎన్నో తరగతుల్లో వివరణ తెలుగులో, పారిభాషిక పదాలు ఇంగ్లీషులో, పరీక్ష పూర్తిగా ఇంగ్లీషులో జరుగుతాయి. అక్కడ ఇంగ్లీషు లెక్చర్ వినే నైపుణ్యానికి గంటలు కేటాయించడం కంటే, తెలుగులో అర్థమైనదాన్ని ఇంగ్లీషు వాక్యంలోకి ఎక్కించడం నేర్పడం ఎక్కువ ఉపకారం.

కాబట్టి కోర్సు కట్టేవారు ముందు జవాబు పత్రాలు, రికార్డులు చదవాలి. సబ్జెక్టు తరగతుల్లో వెనుక బెంచీలో కూర్చుని వినాలి. ఆ తరువాత విద్యార్థులను తెలుగులోనే అడగాలి, ఎందుకంటే ఇంగ్లీషు ప్రశ్నావళికి బాగా జవాబు రాయగలిగేది ఆ కోర్సు అంతగా అక్కరలేనివారే. సెమిస్టర్ మధ్యలో మళ్లీ అడగాలి. నేర్చుకుంటున్నకొద్దీ ఏది కావాలన్న ఎరుక కూడా మారుతుంది, మొదటి వారంలో ‘స్పోకెన్’ అన్న విద్యార్థే ప్రాజెక్టు రిపోర్టు దగ్గర పడ్డాక పేరా రాయడం నేర్పమంటాడు. చివరి పరీక్షను కూడా దీనితో ముడిపెట్టాలి. ఎంత శ్రద్ధగా గుర్తించిన అవసరమైనా ప్రశ్నపత్రంలో కనిపించకపోతే తరగతి గదిలోనూ నిలవదు. కంఠస్థం చేసిన వ్యాసానికే మార్కులు పడుతున్నంతకాలం విద్యార్థి తన నిజమైన అవసరం ఆ వ్యాసమే అనుకుంటాడు, ఆ విశ్వవిద్యాలయంలో అది నిజం కూడా.