ఔషధ కాయకము



పొట్టకూటికై చేయు ప్రతి పనియు కాయకము కానేరదు. సత్యశుద్ధముగా చేయబడి, దాసోహమునకు దారితీయు శ్రమయే కాయకము. పన్నెండవ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుల చుట్టు చేరిన శరణులలో త్రాళ్లు పేనువారును, చెప్పులు కుట్టువారును, పడవ నడుపువారును ఉండిరి. వైద్య సంగణ్ణ యను శరణునకు రోగుల చికిత్సయే కాయకము. కావున ఔషధసేవ శరణ సంప్రదాయమునకు క్రొత్త కాదు.

నేడు మంచము పట్టిన వృద్ధులు, పక్షవాత పీడితులు, క్యాన్సరు రోగులు పలువురు ఇంటనే చికిత్స పొందుచున్నారు. వారి యిండ్లకు మందులు సిద్ధపరచి పంపు ఫార్మసిస్టులలో కొందరు దినమునకు మూడు నాలుగు గంటలు మాత్రమే పనిచేయుదురు. బిడ్డలను సాకు తల్లులును, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలును అట్టివారిలో గలరు. ఇట్టి సగము పూట పని కాయకమగునా యని సంశయము కలుగవచ్చును.

దుకాణమునకు వచ్చిన రోగి ఎదుట నిలిచి అడుగగలడు. ఇంట పడియున్నవాడు పొట్లములో వచ్చినది మ్రింగును. అతని పక్షమున అడుగవలసినవాడు ఫార్మసిస్టే. ఇద్దరు వైద్యులు వేర్వేరు పేర్లతో ఒకే మందు వ్రాసిరా? రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు వార్ఫరినుతో నొప్పి మాత్ర యేదైన చేరినదా? కీళ్లవాతమునకు వారమున కొక్కసారి వాడు మెథోట్రెక్సేటును పొరపాటున ప్రతిదినము మ్రింగినచో ప్రాణమే పోవచ్చును. తెరువని ఇన్సులినును 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనమున ఉంచవలెను. త్రోవలో ఎండ తగిలినచో సీసా చూచుటకు మామూలుగనే యుండవచ్చును గాని మందు గుణము తగ్గును.

సగము పూట పనిలో ప్రత్యేకమైన అపాయ మొకటి గలదు. గంట ముగియును, సందేహము ముగియదు. వైద్యునితో మాటాడి తేల్చవలసిన చీటీ బల్లపై మిగిలియుండును. ఇంటికి పోవు తొందరలో ఆ పొట్లమును కట్టి పంపినచో అది కాయక భంగము. సందేహమును స్పష్టముగా వ్రాసి, తరువాత వచ్చువారి చేతికిచ్చి, నోటితోను చెప్పి పోయినచో చేసిన మూడు గంటలు సంపూర్ణ కాయకమే. 1948 నాటి ఫార్మసీ చట్టము వైద్యుని చీటీపై మందు కూర్చి యిచ్చు పనిని సామాన్యముగా నమోదైన ఫార్మసిస్టులకే విడిచినది. సగము పూటవారికి సగము బాధ్యత యని అందు లేదు.

బియ్యపు గింజలు ఏరుట ఆయ్దక్కి మారయ్య కాయకము. ఒకనాడు అతడు అవసరమునకు మించి తేగా, ఇల్లాలు లక్కమ్మ అధికమైన దానిని తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. నెలకు సరిపోవు మందు చాలిన యింటికి లాభాపేక్షతో మూడు నెలల మందు పంపు చేయి ఆ తల్లిని స్మరింపవలెను. చౌకగా దొరకు అదే మందు ఉన్నచో వైద్యుని సంప్రదించి ఆ మాట రోగి యింటివారికి తెలుపుటయు దాసోహమే.

రోగి ఆ ఫార్మసిస్టు ముఖము ఎన్నడును చూడకపోవచ్చును. చూడనివానికి చేసిన సేవను లింగము చూచును.

శరణు శరణార్థి.