యజమానా, ధర్మకర్తా?

ఆళ్లగడ్డ శిల్పి చెక్కిన విగ్రహం ప్రతిష్ఠ అయ్యాక శిల్పిదీ కాదు, డబ్బిచ్చిన దాతదీ కాదు. నంద్యాల దగ్గరి మహానందిలోనైనా, ఆళ్లగడ్డ దగ్గరి అహోబిలంలోనైనా గుడి ఆస్తి దేవుడిదే. మన చట్టం కూడా దేవుణ్ణే హక్కుదారుగా గుర్తిస్తుంది; మనుషులు దాన్ని చూసుకునేవాళ్లు మాత్రమే. సొంతం చేసుకోకుండా బాధ్యత మోయడం గుడి బయట, డబ్బూ అధికారమూ ఉన్నచోట సాధ్యమా? అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌కు యజమానిగా ఉన్న డాన్ రూనీ జీవితం ఈ ప్రశ్నకు మంచి పరీక్ష. ఆయన 2009 నుంచి 2012 దాకా ఐర్లండ్‌లో అమెరికా రాయబారి.

2008 ఎన్నికల్లో ఒబామాను బలపరిచినందుకు దక్కిన పదవి కదా అంటారు. కొట్టిపారేయలేని మాటే, సంపన్న మద్దతుదారులకు రాయబార పదవులివ్వడం అమెరికాలో పాత అలవాటు. కానీ పదవి వచ్చిన దారి వేరు, దాన్ని మోసిన తీరు వేరు. రూనీ ఐర్లండ్ ద్వీపంలోని 32 కౌంటీలూ తిరిగారు. గెలుపు కోరే యజమానికి గీత చెప్పే నిష్కామకర్మ, అంటే ఫలం ఆశించని పని, ఎక్కడిదన్నది ఇంకో ఆక్షేపణ. గీత చెప్పిన కృష్ణుడు కూడా పాండవుల పక్షానే రాయబారానికి వెళ్లాడు; పక్షం ఉండటం దోషం కాదు, ఫలం నాదే అనుకోవడం దోషం. ఐర్లండ్‌లో శాంతి కోసం నిధులు సేకరించే సంస్థను రూనీ మరికొందరితో కలిసి 1976లోనే స్థాపించారు. అప్పటికి ఏ పదవీ కనుచూపుమేరలో లేదు. అందుకే 2008 నాటి మద్దతు కంటే ఆ పనినే నేను బలమైన సాక్ష్యంగా తీసుకుంటాను.