ఇంటి గుట్టు - పాఠకుల తీర్పు

"ఇంటి గుట్టు లంకకు చేటు" అను సామెత ఎరుగని తెలుగు కుటుంబము లేదు. మన పూర్వులు తెలుగుసీమను విడిచి కన్నడ దేశమునకు వచ్చి ఎన్నో తరములు గడచినవి. వారు మూటాముల్లెలతో పాటు ఈ సామెతను గూడ వెంట తెచ్చుకొనిరి. నలుగురి నడుమ వేరు భాష మాటలాడుచు బ్రతుకువారికి దీని అక్కర మరింత ఎక్కువ. ఇంట జరిగినది గడప దాటరాదని మా నాయనమ్మ మాకు ఉగ్గుపాలతోనే నేర్పినది. ఆ సామెత ఎంతవరకు ధర్మసమ్మతము అను విషయమును ఈ వ్యాసమున విచారింపదలచితిని. నేను పండితుడను గాను. పదవ తరగతి వరకు చదివి, ముప్పదియైదేండ్లు గుమాస్తాగా దస్త్రములు వ్రాసి విశ్రాంతి గైకొన్నవాడను. దోషములున్నచో పెద్దలు మన్నింతురు గాక.

ఈ విచారణకు కారణము ఒక నవల. మా తెలుగు సంఘపు గ్రంథాలయములో ఆదివారము సాయంకాలము పదిమంది కూడి పుస్తకములను గూర్చి ముచ్చటించుకొను అలవాటు కలదు. మాలో పెద్దవారు పంచకడి దేవ్ వంగ నవలల అనువాదములను, కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు నవలలను దీపపు వెలుతురులో చదివి పెరిగినవారే. గత సంవత్సరము, ఆంగ్లోపాధ్యాయులుగా పనిచేసి విశ్రమించిన ఒక పెద్దలు విల్కీ కాలిన్సు వ్రాసిన "ది మూన్ స్టోన్" అను నవలను వారమునకు కొంత చొప్పున మాకు తెలుగులో కథగా వినిపించిరి. ఆ నవల లోకమునకు అందినదియు అట్లే. చార్లెస్ డికెన్సు నడిపిన "ఆల్ ది ఇయర్ రౌండ్" అను వారపత్రికలో అది 1868 జనవరి మొదలు ఆగస్టు వరకు ధారావాహికముగా వెలువడినది. ఆ నెలలలోనే రచయితకు మాతృవియోగము కలిగెను. తానును కీళ్ళవాతముతో మంచము పట్టి, బాధ కోర్వలేక నల్లమందు ద్రావకమును పుచ్చుకొనుచు, కొంత భాగమును పండుకొనియే చెప్పి వ్రాయించెను. ఆంగ్ల డిటెక్టివు నవలలలో ఇదియే మొదటిదియు మేలైనదియు నని టి.ఎస్. ఎలియట్ అంతటి కవి మెచ్చుకొనినాడట.

మనకు ఈ నవలతో చుట్టరికము లేకపోలేదు. కథ మొదలగునది శ్రీరంగపట్టణములో. 1799 మే 4వ తేదీన కోట పడి టిప్పు సుల్తాను మరణించిన దినమున, ఆంగ్ల సైనికాధికారి యొకడు నెత్తురు చిందించి, చంద్రుని విగ్రహమునకు చెందిన పసుపుపచ్చని వజ్రమును అపహరించినట్లు కల్పన. రష్యా చక్రవర్తుల రాజదండమందలి వజ్రము, కోహినూరు - ఈ రెండింటి కథలు తనకు ఆధారములని రచయితయే పీఠికలో చెప్పుకొనెను. కోహినూరు పుట్టినిల్లు కృష్ణాతీరమందలి కొల్లూరు గనులని వాడుక కలదు గదా! కథ కన్నడ సీమలో ఆరంభమైనను, దాని మూలమందలి మణి తెలుగుమట్టి నెరిగినదే యనవచ్చును.

నూట యేబది యేండ్లు దాటిన కథ గనుక ముడి విప్పి చెప్పుట తప్పు గాదని తలచెదను. అయినను స్వయముగా చదువదలచినవారు ఈ పేరాను విడిచి ముందుకు సాగవచ్చును. ఆ అధికారి మరణశాసనము ద్వారా వజ్రము అతని మేనకోడలు రేచెల్‌కు పదునెనిమిదవ పుట్టినరోజున అందినది. ఆ రాత్రియే మాయమైనది. మొదట అనుమానము ఊరిలో తిరుగుచున్న ముగ్గురు హిందూదేశీయులపై పడినది. పిదప రోసన్నా అను పనిపిల్లపై పడినది. ఆమె ఒకప్పుడు దొంగతనమునకై చెరసాలలో నుండి వచ్చినది. రేచెల్ తల్లి దయదలచి ఆమెను పనిలో పెట్టుకొనియుండెను. నిజమునకు వజ్రమును గదిలో నుండి తీసినవాడు రేచెల్ ప్రేమించిన ఫ్రాంక్లిన్. వైద్యుడొకడు అతనికి తెలియకుండ నల్లమందు పట్టించుటచే, ఆ మత్తులో, వజ్రమునకు ముప్పు వచ్చునను భయముతో తీసి, తెల్లవారిన పిదప ఆ సంగతియే మరచెను. అతని చేతినుండి మరియొక బంధువు దానిని కాజేసి కుదువబెట్టెను. ఫ్రాంక్లిన్ తీయుట రేచెల్ కన్నులార చూచినది. చూచియు, ఏడాది పర్యంతము తల్లికి గాని, పోలీసు అధికారికి గాని, అతనికే గాని చెప్పలేదు. రోసన్నా అతని దుస్తుపై అంటిన రంగును బట్టి సంగతి గ్రహించినది. ఆమెయు అతనిపై మనసు పడినదగుటచే ఆ దుస్తును దాచి, తుదకు ఊబిలో పడి ప్రాణము తీసుకొన్నది.

కథ ముగిసిన ఆదివారము అభిప్రాయముల వంతు వచ్చినది. ఒక పెద్దమ్మగారు మొదటనే ఒక చిక్కు తెచ్చిరి. ఫ్రాంక్లిన్ తల్లియు రేచెల్ తల్లియు అక్కచెల్లెండ్రు. "పెద్దమ్మ కొడుకు వరుసకు అన్న కదా, వాడితో పెళ్ళేమిటి?" అని ఆమె ముక్కున వ్రేలు వేసుకొనిరి. అది వారి దేశాచారమని సర్ది చెప్పుటకు కొంత పొద్దు పోయినది.

పిమ్మట ఒకరు రేచెల్‌ను కొనియాడిరి. తాను అనుమానములకు గురియై, అపకీర్తిని మోసియు, ప్రేమించినవానిని బయట పెట్టని ఆమె ఉత్తమ స్త్రీ యనిరి. బ్యాంకులో పనిచేయు యువకుడొకడు దానిని ఖండించెను. "నీవు తీయగా చూచితిని" అని ఒక్క మాట ముఖముననే అడిగియుండినచో, అతనికే తెలియని నిజము ఒక్క దినములో తేలియుండెడిది గదా యని అతని వాదము. మూడవవారు వజ్రమే దొంగసొత్తని, దానిని తిరిగి తీసుకొనిపోయిన పూజారులను దొంగలనుట న్యాయము గాదని వాదించిరి. ముగ్గురి మాటలోను సత్యము కలదు. నేను తల యూచుచు కూర్చుంటిని.

అప్పుడు ఆ పెద్దమ్మగారే మరల నోరు విప్పి, "అంతా బాగానే ఉంది గాని, మరి ఆ పనిపిల్ల మాటేమిటర్రా?" అని అడిగిరి. ఎవ్వరును బదులు పలుకలేదు. నాకు మాత్రము గొంతు తడియారినది. కారణము తరువాత విన్నవించెదను.

మన పెద్దలు ఈ విషయమును ఆలోచింపక పోలేదు. భారతమున కర్ణపర్వములో శ్రీకృష్ణుడు అర్జునునకు కౌశికుని కథ చెప్పును. సత్యమే వ్రతముగా గల ఆ తాపసి, దొంగలు అడుగగా, ప్రాణభయముతో దాగినవారి చోటును ఉన్నదున్నట్లు చెప్పి, వారి చావునకు కారకుడై నరకమునకు పోయెను. కావున ఎల్ల గుట్టును చెప్పుటయే ధర్మము కాదు. అదే భారతములో కుంతి కర్ణుని జన్మరహస్యమును దాచినది. యుద్ధము ముగిసి తర్పణములు విడుచు వేళ, చనిపోయినవాడు మీ అన్నయే యని ఆమె చెప్పగా ధర్మరాజు కుమిలిపోయి, స్త్రీలకు రహస్యము నిలువకుండుగాక యని శపించెను. కావున ఎల్ల గుట్టును దాచుటయు ధర్మము కాదు. కుంతి దాచినది తన పుట్టినింటి పరువు కొరకు. ఆ దాపరికపు బాధ ఆమెయు అనుభవించినదే. కాని సూతపుత్రుడవని నిండు సభలో నిందలు పడినది ఆమె గాదు, కర్ణుడు.

ఇక మన సామెతకు మూలమైన విభీషణుని సంగతి. అతడు ఇంద్రజిత్తు నికుంభిలా యాగము మొదలైన ఇంటి మర్మములను రామునకు చెప్పినది నిజమే. అయినను లంక చెడుటకు కారణము విభీషణుని నోరా, రావణుని చేతయా? చెప్పకముందే చేటు ఇంట ప్రవేశించియుండెను. పరస్త్రీని తెచ్చి అశోకవనమున ఉంచిన యిల్లు, గుట్టు బయట పడనంత మాత్రమున బాగుపడునా? సామెత గుట్టు చెప్పినవానిని నిందించును గాని, ఆ గుట్టు దేనిని గూర్చినదో అడుగదు. లోపము అచ్చట నున్నదని నా అల్పబుద్ధికి తోచుచున్నది.

ఇప్పుడు నా సంగతి. బళ్ళారిలో మేముండిన దినములు. 1971వ సంవత్సరము, నాకు పదునొకండేండ్లు. మా అమ్మ కందిపప్పు డబ్బాలో దాచిన రెండు బంగారు గాజులు కనబడకపోయెను. తీసినది మా అన్న. చీట్లపేకలో అప్పు పడి, తీసి కుదువబెట్టెను. డబ్బా మూత పెట్టుచు నన్ను చూచి, పెదవిపై వ్రేలుంచెను. నన్ను సైకిలుపై ముందు కూర్చుండబెట్టుకొని ఊరంతయు త్రిప్పెడి అన్న అతడు. నేను నోరు మెదపలేదు. అనుమానము మా యింట అంట్లు తోము ఆమెపై పడినది. నాయనమ్మతో తెలుగులోను మాతో కన్నడములోను మాటలాడెడిది. మా యింట ఆరేండ్లు పనిచేసినది. ఆమె దేవుని పటము ముందు ప్రమాణము చేసినను మావారు నమ్మలేదు. పోలీసులకు చెప్పక ఊరకే పంపివేసితిమి గదా యని, అదియే గొప్ప దయగా మేము చెప్పుకొంటిమి.

మరుసటి ఉగాదికి ముందు నాన్నగారికి అన్న చొక్కా జేబులో తాకట్టు చీటీ దొరకినది. అన్నకు దెబ్బలు పడినవి, గాజులు విడిపించిరి. ఆమెను పిలిపించి చెప్పుదమని అమ్మ నెమ్మదిగా అనగా, "తెలుగువాళ్ళ ఇంట్లో దొంగ ఉన్నాడని వీధంతా అనుకోవాలా?" అని నాన్నగారు గదమాయించిరి. అంతటితో మా యింట ఆ మాట ముగిసినది. నాన్నగారు చెడ్డవారు కారు. పరాయి వీధిలో పరువే తమకున్న ఆస్తి యని నమ్మిన తరము వారిది.

పదవీవిరమణానంతరము నేను బళ్ళారి వెళ్ళి ఆమె ఇంటిని విచారించితిని. ఆమె గతించి చాల కాలమైనది. కుమార్తె కనబడినది, ఆమెకును తల నెరసినది. నేను గాజుల సంగతి చెప్పబోగా ఆమెకు బంగారము మాటయే గుర్తులేదు. ఆ యేడు తల్లికి ఆ వీధిలో ఏ యింటను పని దొరకలేదనియు, తన బడి మాన్పించి తననుగూడ పనికి పంపిరనియు మాత్రమే గుర్తున్నది. నేను దాచిన గుట్టు ఎచ్చటికి పోయి చేరినదో నాకు అప్పుడు తెలిసినది. మనుమరాలి పుస్తకములకని నేనిచ్చినది ఆమె పుచ్చుకొన్నది. అది ఋణము తీరుట గాదని నాకు తెలియును. ఆమెకు తెలియకపోదు.

గ్రంథాలయములో పెద్దమ్మగారి ప్రశ్నకు నేను ఆనాడు బదులు చెప్పలేకపోతిని. ఇది ఆ బదులు. కుటుంబ రహస్యములతో నిండిన నవలను చదువునపుడు మనము ఎవరు తీసిరా యని ఊపిరి బిగబట్టి ఎదురు చూతుము. తీసినవాడు తేలగానే పుస్తకము మూసివేయుదుము. పనిపిల్లను గూర్చి ఆలోచించుటకు పుటలు మిగులవు. ఆ నవలాకారుడు మాత్రము ఆమెను మరువలేదు. చనిపోకముందు ఆమె వ్రాసిన దీర్ఘమైన లేఖను, ఫ్రాంక్లిన్ చేత, అతనితో పాటు మనచేతను, చదివించెను.

గుట్టు దాచుట తప్పా, ఒప్పా అని అడుగుటకు ముందు, ఆ గుట్టు బరువు ఎవరి నెత్తిన పడుచున్నదో చూచుకొనవలెను. ఒకరి రోగమును, ఒకరి లేమిని, పెంచుకొన్న బిడ్డ పుట్టుకను మనము దాచితిమేని ఆ బరువును మనమే మోయుదుము, అది సంస్కారము. మన దోషము దాగుటకై, వాదించుకొన శక్తిలేని మరియొకరు ఆ బరువును మోయుచున్నచో, దానికి పరువను పేరు తగదు. రేచెల్ మౌనములో ప్రేమ యున్నది, నా మౌనములోను ఉన్నది. అయినను నిరపరాధిపై నింద పడిన క్షణమున ఆ ప్రేమ చాలదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలుగవచ్చును. ఇంటి గుట్టును నీవే ఇప్పుడు అచ్చు వేయించితివి గదా యని. మా అన్నగారు గతించి ఎనిమిదేండ్లయినది. వ్రాయుటకు ముందు వదినగారిని అడిగితిని. వ్రాయుమనియు, ఆయన బ్రతికియుండగానే వ్రాసియుండిన ఇంకను బాగుండెడిదనియు ఆమె అన్నది. ఆ మాటలోని చురక నాకు తగినదే.

సోదర సోదరీమణులారా, మన యిండ్లలో ఏదైనను వస్తువు కనబడనపుడు మన చూపు మొదట ఎవరివైపు పోవుచున్నదో ఒక్క క్షణము గమనింపుడు. వస్తువు దొరకిన పిమ్మట, మనము అనుమానించినవారి యింటికి పోయి ఆ సంగతి చెప్పివచ్చితిమా యని గూడ తలచుకొనుడు. పోవలసిన దూరము రెండు వీధులే కావచ్చును. నేను పోవుటకు నలువది యేండ్లు దాటినవి. అప్పటికి ఆమె లేదు.