తెర మీది విలువ ఏ ప్రమాణం?

ఫ్యాక్టరీలో కన్వేయర్లను, పంపులను, వాల్వులను నడిపే పారిశ్రామిక కంప్యూటరును ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్ అని, క్లుప్తంగా పీఎల్‌సీ అని వ్యవహరిస్తారు. సెన్సర్ల నుంచి వచ్చే సంకేతాలను చదవడం, తనలోని ప్రోగ్రాము ప్రకారం నిర్ణయించడం, మోటార్లకూ వాల్వులకూ ఆదేశాలివ్వడం అనే మూడు పనులను అది సెకనుకు అనేకసార్లు ఆవర్తనం చేస్తుంది. ఆ ఒక్కొక్క ఆవృత్తి పేరు స్కాన్. ఇంజనీరు తన ల్యాప్‌టాప్‌లోని ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేరును నెట్‌వర్కు ద్వారా ఆ కంట్రోలరుకు కలిపి ‘ఆన్‌లైన్’ వెళ్ళినప్పుడు, నిచ్చెన మెట్ల వలె గీసిన ల్యాడర్ తర్కంలో నెరవేరిన షరతులు రంగు మారి వెలుగుతాయి, ట్యాంకు మట్టం అంకెల్లో కదులుతుంది, ఫలానా వాల్వు తెరుచుకున్నదని తెర చెబుతుంది. అప్పుడు ఇంజనీరుకు కలిగిన జ్ఞానం ఏ ప్రమాణం, అంటే ఏ జ్ఞానసాధనం, వల్ల కలిగిందన్నది భారతీయ దర్శనాలు శతాబ్దాల పాటు చర్చించిన ప్రశ్నకు కొత్త రూపమే. అయితే ఇక్కడ దానికిచ్చే సమాధానం మీద యంత్రం పక్కన పనిచేసేవారి ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

ఇంద్రియానికీ విషయానికీ సన్నికర్షం, అంటే సంబంధం, ఏర్పడగా పుట్టే జ్ఞానమే ప్రత్యక్షమని న్యాయశాస్త్రం చెబుతుంది. ఇంజనీరు కంటికి సన్నికర్షం తెరతోనే తప్ప గోడ అవతలి వాల్వుతో కాదు. దీనిని అనుమానం, అంటే ఒక గుర్తును బట్టి మరొకదాన్ని తెలుసుకోవడం, అందామంటే, పొగ ఉన్నచోట నిప్పు ఉన్నట్లుగా తప్పనిసరి సాహచర్యం, అంటే వ్యాప్తి, ఉండాలి. కానీ కంట్రోలరులో ఆ వాల్వుకు కేటాయించిన బిట్ 1గా ఉండటం తెరవమన్న నిర్ణయం జరిగిందని మాత్రమే తెలుపుతుంది, ఆ తరువాత తీగ తెగి ఉండవచ్చు, గాలి ఒత్తిడి చాలక వాల్వు బిగుసుకొని ఉండవచ్చు. వాల్వుకు లిమిట్ స్విచ్ అమర్చి దాని స్థితిని తిరిగి తెప్పించుకున్నా, ఆ స్విచ్ అతుక్కుపోలేదన్న నమ్మకం మరొకటి కావలసి వస్తుంది. తెర మీద కనిపించేది, అడిగినదానికి కంట్రోలరు పంపిన వార్త. దానిని శబ్దప్రమాణం కింద, అంటే ఇతరుల మాట వల్ల కలిగే జ్ఞానం కింద, పరిగణించడమే సముచితం.

శబ్దం ప్రమాణం కావాలంటే పలికినది ఆప్తుడై ఉండాలి. ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఆప్తుణ్ణి యథార్థం పలికేవాడిగా నిర్వచించాడు. అంతకు చాలా ముందే న్యాయభాష్యకారుడు వాత్స్యాయనుడు ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమని చెప్పి, మాట విలువను వక్త పుట్టుక నుంచి వేరు చేశాడు. అలాగైతే యంత్రం కూడా ఆప్తం కాగలదా? యంత్రానికి మోసగించే కోరిక లేదు కనుక అది అబద్ధమాడదని చాలామంది సహజంగానే నమ్ముతారు. వేదం అపౌరుషేయమని, కర్త లేనందున కర్తృదోషాలు దానికి అంటవని మీమాంసకులు చేసిన వాదానికి ఈ నమ్మకం దగ్గరగా ఉంది, కానీ ఇక్కడ అది చెల్లదు. కంట్రోలరులోని ప్రతి మెట్టునూ ఒక మనిషి రాశాడు, దాని జవాబును మోసుకొచ్చే ప్రతి పొరనూ మరికొందరు మనుషులు రాశారు. యంత్రం పలుకు పూర్తిగా పౌరుషేయమే.

అసలు పలుకుతున్నది ఎవరన్నది అంతకన్నా ముందు తేలవలసిన విషయం. నెట్‌వర్కులో ప్రతి కంట్రోలరుకూ ఐపీ అడ్రస్ అనే సంఖ్య ఉంటుంది. ల్యాప్‌టాప్ నుంచి దానికి పింగ్ పంపితే, అంటే ఉనికిని అడిగే చిన్న సందేశం పంపితే, జవాబు వస్తుంది. ఆ జవాబు ఆ సంఖ్య పేరిట ఏదో ఒక పరికరం ఉన్నదని చెబుతుందే గాని, అది ఉద్దేశించిన యంత్రమేనని చెప్పదు. ఒకే ప్లాంటులో ఒకేలాంటి రెండు ఉత్పత్తి లైన్లు, రెండింటి కంట్రోలర్లలోనూ ఒకే ప్రోగ్రాము ఉన్న సందర్భంలో, ఇంజనీరు రెండవ లైనుకు కలిసి మొదటి లైనును చూస్తున్నానని భావిస్తే, ల్యాప్‌టాప్‌లోని ప్రోగ్రామునూ కంట్రోలరులోని ప్రోగ్రామునూ సరిపోల్చే పరీక్ష కూడా ఆ పొరపాటును పట్టుకోలేదు. నైయాయికులు, అంటే న్యాయశాస్త్రజ్ఞులు, అన్యథాఖ్యాతి అని పిలిచిన భ్రమకు ఇంతకన్నా శుద్ధమైన ఉదాహరణ దొరకడం కష్టం: ముత్యపుచిప్పలో వెండిని చూసినవాడు చూసిన వెండి లేనిది కాదు, మరోచోట ఉన్నది, ఇక్కడ తెర మీది అంకెలు నిజమైనవే, అవి వేరొక యంత్రానివి. ఎంచుకున్న కంట్రోలరు మీది దీపాన్ని మిణుకుమిణుకుమనిపించే సదుపాయం కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఉంది. ఆ దీపం దగ్గరకు నడిచి వెళ్ళి చూసినప్పుడు మాత్రమే వార్త ప్రత్యక్షంతో ముడిపడుతుంది.

ఇక కంట్రోలరు వైపు నుంచి చూస్తే, 1979లో మోడికాన్ సంస్థ రూపొందించిన మోడ్‌బస్ అనే సంభాషణ నియమావళిలో, అడుగుతున్నదెవరో నిర్ధారించుకునే ఏర్పాటు లేదు. ఫ్యాక్టరీ లోపలి సీరియల్ తీగలకే పరిమితమైన ఆనాటి పరిస్థితిలో అది లోపంగా తోచలేదు. తరువాత అదే నియమావళి ఈథర్నెట్ మీదికి వచ్చి, తీగకు చేరగల ఎవరి ఆదేశాన్నైనా కంట్రోలరు స్వీకరించే స్థితి ఏర్పడింది. బాధకం, అంటే తప్పని చూపే మరో జ్ఞానం, ఎదురయ్యే వరకు జ్ఞానం తనంతట తానే ప్రమాణమన్న మీమాంసకుడు కుమారిలుని స్వతఃప్రామాణ్యవాదం ఈ ఏర్పాటు వెనుక కనిపిస్తుంది. ఆ వాదాన్ని తేలికగా తీసివేయడం తగదు, ఎందుకంటే ప్రతి జ్ఞానానికీ మరొక సాక్ష్యం అడుగుతూ పోతే అనవస్థ, అంటే అంతులేని వెనకడుగు, తప్పదు.

అయినా 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే హానికర సాఫ్ట్‌వేరు ఆ విశ్వాసపు పరిమితిని చూపింది. ఇరాన్‌లోని నతాంజ్ యురేనియం శుద్ధి కేంద్రమే దాని లక్ష్యమని పరిశోధకులు గుర్తించారు. సీమెన్స్ స్టెప్ 7 సాఫ్ట్‌వేరులో కంట్రోలరుతో సంభాషించే ఫైలు స్థానంలో అది తన ఫైలును నిలిపి, సెంట్రిఫ్యూజ్‌లను నడిపే విద్యుత్ పౌనఃపున్యాన్ని 1,410 హెర్ట్జ్‌కు పెంచి, మరొకప్పుడు 2 హెర్ట్జ్‌కు దించే ప్రోగ్రామును కంట్రోలరులో ఉంచింది. ఇంజనీరు ప్రోగ్రామును చదవబోతే ఆ భాగాన్ని దాచి మిగిలినదే చూపింది. అక్కడ కంటికి దోషం లేదు, తెరకు లేదు. వార్త మోసే దారిలోనే దోషం ఉంది, బాధకజ్ఞానం రావలసిన దారి కూడా అదే. స్వతఃప్రామాణ్యానికి ఇంతకన్నా గట్టి పరీక్ష ఊహించడం కష్టం.

నైయాయికుడు ఇందుకు ప్రవృత్తిసామర్థ్యాన్ని, అంటే జ్ఞానాన్ని అనుసరించి చేసిన పని ఫలించడాన్ని, నిర్ధారణగా చూపుతాడు. చదవడానికి అది సరిపోతుంది: విలువను నమ్మి, వాల్వు దగ్గర నిలబడ్డ ఆపరేటరును అడిగి, తేడా ఉంటే దిద్దుకోవచ్చు. కానీ ల్యాప్‌టాప్ నుంచి ప్రోగ్రామును కంట్రోలరులోకి పంపడం, అంటే డౌన్‌లోడ్, జ్ఞానం కాదు, కర్మ. ఫలాన్ని చూసి ప్రామాణ్యం తేల్చుకుందామంటే ఆ ఫలమే ప్రమాదం కావచ్చు. కనుక చదవడంలో స్వతఃప్రామాణ్యం చాలు; రాయడంలో మాత్రం నిర్ధారణ కర్మకు ముందే, అదీ నెట్‌వర్కుతో సంబంధం లేని మరొక దారిలో జరగాలి. కొన్ని కంట్రోలర్ల ముందు భాగాన రన్, ప్రోగ్రామ్, రిమోట్ స్థానాలున్న కీ స్విచ్ ఉంటుంది. దానిని రన్‌లో ఉంచి తాళపుచెవి తీసివేస్తే దూరం నుంచి ప్రోగ్రాము మార్చడం సాధ్యం కాదు; మార్చదలచినవారు యంత్రం దగ్గరకు రాక తప్పదు.

యంత్రం దగ్గరకు రావలసిన అవసరానికి మూలం అభావజ్ఞానంలో ఉంది. ఒక వస్తువు లేదని తెలుసుకోవడానికి కుమారిలుని అనుయాయులైన భాట్ట మీమాంసకులు అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణాన్ని అంగీకరిస్తూ, ఉంటే కనిపించి తీరవలసిన పరిస్థితిలో కనిపించకపోవడమే లేమిని నిరూపిస్తుందని నియమం పెట్టారు. చీకటి గదిలో కుండ కనిపించకపోవడం కుండ లేదనడానికి ప్రమాణం కాదు. కన్వేయర్ కింద చెయ్యి పెట్టి ఇరుక్కున్న పెట్టెను తీస్తున్న కార్మికుణ్ణి గుర్తించే సెన్సరు ఏ కంట్రోలరుకూ అమర్చి లేకపోతే, ఆన్‌లైన్ తెర ఎంత సజీవంగా వెలిగినా అక్కడ ఎవరూ లేరని చెప్పే యోగ్యత దానికి లేదు.