అందరికీ సరిపోయే రాత్రి

శుక్రవారం సాయంత్రమయ్యేసరికి హైదరాబాదులో ఫోన్ల నిండా ఒకటే ప్రశ్న: "ఎక్కడ కలుద్దాం?" జవాబులకు ఈ ఊళ్లో కొదవ లేదు. జూబిలీహిల్స్‌లో డాబాల మీది రెస్టారెంట్లున్నాయి. గచ్చిబౌలి వైపు తిండిబండ్లున్నాయి. 2020లో తీగల వంతెన తెరిచాక దుర్గం చెరువు చుట్టూ దీపాలు చూస్తూ కూర్చునే చోట్లు పెరిగాయి. చార్మినార్ వైపు వెళ్తే సరేసరి, రంజాన్ నెలలో పత్తర్‌గట్టి దుకాణాలు తెల్లవారుజాము దాకా మెలకువగానే ఉంటాయి. ఇన్ని ఉన్నా, వారాంతం బాగా గడిచిందా లేదా అన్నది చోటును బట్టి తేలదని ఏళ్లు గడిచేకొద్దీ నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లలో అందరికన్నా తక్కువ ఉన్న మనిషి ఆ రాత్రి ఎలా ఉన్నాడన్నదే అసలు సంగతి. తక్కువున్నది డబ్బే కానక్కర్లేదు. తీరిక తక్కువ కావచ్చు, ఒంట్లో ఓపిక తక్కువ కావచ్చు, ఇంటికి చేరే దారి మీద ధైర్యం తక్కువ కావచ్చు. ఆ ఒక్కరికి హాయిగా గడిస్తే మిగతా అందరికీ గడిచినట్టే.

మేమంతా హాస్టల్లో ఉన్నప్పుడు ఈ ఆలోచన అవసరం రాలేదు. అందరిదీ ఒకే మెస్సు, అదే నీళ్ల సాంబారు, నెలాఖరుకు అందరి జేబులూ ఒకేలా ఖాళీ. పదిహేనేళ్లు గడిచేసరికి ఒకడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద జీతగాడు, ఒకడు కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు, ఒకామె బ్యాంకు ఉద్యోగం మీద జిల్లాలు తిరుగుతుంది, ఇంకొకడు చిక్కడపల్లి సందులో పెళ్లిపత్రికలు అచ్చువేసే చిన్న ప్రెస్సు నడుపుతాడు. స్నేహం మారలేదు. "మామా" అనే పిలుపూ మారలేదు. మారినదల్లా మెనూ కార్డు చదివే తీరు. కొందరి కళ్లు ఎడమవైపు వంటకాల పేర్ల మీద తిరుగుతాయి, కొందరివి ముందు కుడివైపు అంకెల మీద ఆగుతాయి. కుడివైపు చదివినవాడు కార్డు మూసి, "నాకు ఆకలి లేదురా, ఇంట్లో తినే వచ్చా" అంటాడు. అతను తిని రాలేదని అందరికీ తెలుసు.

ఆ తర్వాత బిల్లు వస్తుంది. తలా ఇంత అని సమంగా పంచుకోవడం లెక్క ప్రకారం న్యాయం. కానీ ఒక సూపు తాగినవాడూ, రెండు రకాల కబాబులు, పైన ఖరీదైన మందూ చెప్పినవాడూ ఒకే మొత్తం ఇచ్చినప్పుడు, మొదటివాడు మళ్లీ నెల రమ్మంటే "పనుంది" అంటాడు. ఆపై నెలా పనే ఉంటుంది. ఎవరూ ఎవరినీ ఏమీ అనకుండానే స్నేహాలు ఇలా పలచబడతాయి. గొడవపడి విడిపోయినవాళ్లు ఏదో ఒకనాడు కలిసే వీలుంది. బిల్లు దగ్గర మొహమాటపడి దూరం జరిగినవాడిని తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం, ఎందుకంటే ఆ కారణాన్ని అతనూ చెప్పడు, మనమూ అడగలేం.

అందుకే నాకు ఇరానీ హోటళ్ల మీద అంత గౌరవం. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పర్షియా నుంచి బయల్దేరి, కొందరు బొంబాయి, పుణెల మీదుగా, ఇక్కడికి చేరిన కుటుంబాలు పెట్టిన హోటళ్లవి. ఎక్కువగా నాలుగు దారులు కలిసే మూలల్లో ఉండేవి. పాలరాతి బల్లలు, చెక్క కుర్చీలు, ఎత్తైన పైకప్పు. డికాక్షన్‌ను మూత బిగించిన పాత్రలో సన్నని సెగ మీద గంటలకొద్దీ దమ్ము పెడతారు. పాలను వేరే పాత్రలో చిక్కబడేదాకా మరిగిస్తారు. రెండూ కలిసేది కప్పులోనే. అడగకుండానే ఒక పళ్లెంలో సమోసాలో ఉస్మానియా బిస్కెట్లో బల్ల మీద పెట్టి వెళ్లేవారు, తిన్నవాటికే డబ్బు. ఎన్ని తిన్నామో చూసి వెయిటరు కౌంటరు వైపు ఒక అంకె కేకేసేవాడు, అదే బిల్లు. జేబులో ఒక కప్పుకే డబ్బులుంటే "వన్ బై టూ" అనొచ్చు. అలా చెప్పినవాడిని ఎవరూ తక్కువగా చూసేవారు కాదు. పక్క బల్ల మీది వకీలూ, ఈ బల్ల మీది నిరుద్యోగీ తాగే చాయ్ ఒకటే కాబట్టి ఎవరి జీతం ఎంతో బల్ల చూసి చెప్పలేం. అన్నిటికన్నా విలువైనది, కప్పు ఖాళీ అయి గంటయినా లేవమని అడిగే పద్ధతి లేకపోవడం. కవులు, కార్మిక నాయకులు, విద్యార్థులు, ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఆ బల్లల దగ్గర గడిపిన సాయంత్రాలు ఈ నగర చరిత్రలో భాగం.

మూలల మీది స్థలాల అద్దెలు, ధరలు పెరిగాక వాటిలో చాలా మూతపడ్డాయి. వాటి స్థానంలో నిలబడి తాగే చాయ్ కౌంటర్లు వచ్చాయి. చాయ్ రుచి బాగానే ఉంటుంది. కానీ కూర్చునే చోటు పోయింది. ఒక నగరం మంచిదా కాదా అని నన్నడిగితే, తక్కువ డబ్బున్న మనిషిని అది ఎంతసేపు కూర్చోనిస్తుందో చూడమంటాను. ఇప్పుడు పెద్ద రెస్టారెంట్లలో కొన్ని శనివారం రాత్రి బల్లకు గంటలు నిర్ణయిస్తాయి, లోపలికి వెళ్లడానికే రుసుము అడిగే చోట్లూ ఉన్నాయి. వాళ్ల వ్యాపారం వాళ్లది. కానీ పాత స్నేహితులు కలిసినప్పుడు మొదటి గంట పిల్లల చదువుల మీద, ఆఫీసు కబుర్ల మీద పోతుంది. అసలు మాట, నాన్నకు వచ్చిన జబ్బో, పోయిన ఉద్యోగమో, ఎవరితోనూ చెప్పుకోని అప్పో, రెండో గంట దాటాక గాని బయటికి రాదు. సరిగ్గా అప్పుడే బల్ల ఖాళీ చేయమంటే ఆ మాట మళ్లీ లోపలికే పోతుంది.

పబ్బుల మీద నాకు కోపం లేదు. వారమంతా తెర ముందు వంగి కూర్చున్న ఒళ్లు శనివారం రాత్రి డోలు దెబ్బకు ఊగితే అందులో ఎంత ఆనందముందో చూశాను. తీన్మార్ మొదలయ్యాక మా లెక్కల మాస్టారు స్నేహితుడి ముఖంలో వెలిగే వెలుగు మరెక్కడా చూడలేదు. ఆడటానికి వెళ్లిన రోజు ఆడాలి. మాట్లాడటానికి కలిసిన రోజు మాత్రం ఒకరి చెవిలో ఒకరు అరుచుకోవాల్సిన చోటుకు వెళ్లకూడదు.

మందు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది. "ఒక్క పెగ్గే కదరా" అని బలవంతపెట్టడాన్ని మనం ప్రేమ అనుకుంటాం. వద్దన్నవాడికి కారణం ఉంటుంది. మొక్కు కావచ్చు, మాత్రలు వాడుతుండొచ్చు, మందు వల్ల ఇల్లు చితికిపోయిన తండ్రిని చూసి పెరిగి ఉండొచ్చు. ఆ కారణం బల్ల మీద పెట్టమని అడిగే హక్కు స్నేహానికి కూడా లేదు. నిమ్మకాయ సోడా గ్లాసుకూ అదే మర్యాద దక్కాలి. ఇంకొకటి, తాగనివాడే ఎప్పుడూ అందరినీ ఇళ్లకు చేర్చే డ్రైవరు అయిపోతాడు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే బండి నడపడం నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికే పదివేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. పోలీసు లేని దారిలో కూడా ఆ హద్దు హద్దే, ఎదురుగా వచ్చేది ఎవరింటి మనిషో మనకు తెలియదు కదా. కానీ అందరినీ దింపి తెల్లవారుజామున రెండింటికి ఒంటరిగా ఇంటికి చేరేవాడు ఎప్పుడూ ఒక్కడే కాకూడదు. ఆ పని వంతులవారీగా చేయాలి, లేదా అందరూ క్యాబ్ ఎక్కాలి.

మా బ్యాంకు స్నేహితురాలి రాత్రి మా రాత్రికన్నా పొట్టిది. మెట్రో ఆగే వేళ, క్యాబ్‌లో ఒంటరి ప్రయాణం, అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ చూసే చూపు, ఇవన్నీ ఆమె లెక్కలో ఉంటాయి, మా లెక్కలో ఉండవు. ఆమె తొమ్మిదిన్నరకు వాచీ చూసుకోవడం మొదలుపెడితే ఆ తర్వాతి కబుర్లలో ఆమె సగమే ఉన్నట్టు. పరిష్కారం చాలా తేలిక. రాత్రి పొద్దుపోయాకే మొదలవ్వాల్సిన అవసరం కలయికకు ఏముంది? అయిదింటికి కలుసుకుంటే నాలుగు గంటలు నిండుగా దొరుకుతాయి. రంజాన్‌లో ఇఫ్తార్ వేళకే వెళ్లి హలీం తిని, తాపీగా నడిచి, తొమ్మిదికల్లా ఆమెను రైలెక్కించవచ్చు. అలా చేయడం ఆమెకు ఉపకారం చేయడం కాదు, ఆమె వాటా ఆమెకు ఇవ్వడం.

హలీం అన్నాను కాబట్టి దాని వెనకున్న మనుషుల గురించీ చెప్పాలి. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వంటకం కోసం గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి ఇటుకల భట్టీ మీద పది పన్నెండు గంటలు ఉడుకుతాయి. పెద్ద చెక్క ఘోట్నీలతో ఇద్దరు ముగ్గురు కలిసి దాన్ని దంచుతూనే ఉండాలి. నహారీ రాత్రంతా ఉడికితే గాని ఆదివారం పొద్దున మన పళ్లెంలోకి రాదు. దానితో తినే చార్‌కోనీ నాన్‌కు పేరుమోసిన పురానీ హవేలీ దగ్గరి మున్షీ నాన్ దుకాణం 1851లో మొదలైంది. మోజంజాహీ మార్కెట్ దగ్గర తెల్లవారుజామున మూడింటికి రామ్ కీ బండి తెరుచుకుంటుంది. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్టు ఎదుట వెన్న కరుగుతున్న దోశ కోసం పబ్బు నుంచి వచ్చినవాళ్లు, రాత్రి షిఫ్టు ముగించుకున్నవాళ్లు, ఆటోడ్రైవర్లు ఒకే వరుసలో నిలబడతారు. ఇరానీ హోటల్లో ఉన్న సమానత్వం కాస్త అక్కడ మిగిలింది, కూర్చోవడానికి కుర్చీ మాత్రం లేదు.

మన వారాంతానికి రెండో చివర పట్టుకుని ఉన్నది ఇలా వండేవాళ్లూ, వడ్డించేవాళ్లే. రెస్టారెంట్లలో వడ్డించే కుర్రాళ్లలో ఒడిశా, అస్సాం, బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో. శని, ఆదివారాలు వాళ్లకు అన్నిటికన్నా బరువైన రోజులు. బల్ల దగ్గర అందరికన్నా తక్కువున్న మనిషి ఎవరని వెతికితే, ఒక్కోసారి అతను కూర్చుని ఉండడు, ట్రే పట్టుకుని నిలబడి ఉంటాడు. చేయగలిగినవి చిన్నవే. కుర్చీలు బల్లల మీదికి ఎత్తడం మొదలవకముందే లేవొచ్చు. చిటికెలు వేయకుండా "తమ్ముడూ" అని పిలవొచ్చు. సర్వీస్ చార్జిని బిల్లులో దానంతటదే కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో మార్గదర్శకాలిచ్చింది, వాటిని ఢిల్లీ హైకోర్టు 2025లో సమర్థించింది. కాబట్టి ఇవ్వాలనుకున్నది అతని చేతిలోనే పెట్టొచ్చు.

ఇక మా ప్రెస్సు మిత్రుడి మాట. అతని వాటా మేమే ఇచ్చేస్తే తేలిపోతుందనుకున్నవాళ్లున్నారు. అతను ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే సబబు. ఎప్పుడూ పుచ్చుకునే చేయిగా మిగలడం ఎవరికీ ఇష్టం ఉండదు. తక్కువున్న మనిషి నిండుగా ఉండాలంటే అతనికీ పెట్టే అవకాశం ఉండాలి. అందుకని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. చోటు చెప్పే వంతు నెలకొకరిది. ఆ నెల వాళ్లు చెప్పిందే చోటు, వాళ్లు చెప్పిందే వేళ, ఎవరూ బేరాలాడకూడదు. లెక్కల మాస్టారు ఒకసారి ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న కంకులతో సరిపెట్టాడు. హుస్సేన్‌సాగర్ గాలికి నాలుగు గంటలు కూర్చున్నాం, అతని తండ్రి ఆపరేషన్ సంగతి అక్కడే బయటపడింది. వచ్చే నెల ప్రెస్సు మిత్రుడి వంతు. ఇంటికే రమ్మన్నాడు. వాళ్లమ్మ గోంగూర మాంసం వండుతుందట, మాంసం తిననివాళ్లకు పులిహోర, గుత్తివంకాయ కూర. సాయంత్రం అయిదింటికల్లా వచ్చేయమన్నాడు, పిల్లలను కూడా తీసుకురమ్మన్నాడు.