బొడ్డుతాడు నెత్తురు ఎవరికోసం?



నిండు చూలాలు ఉన్న ఇంటికి ఈ రోజుల్లో ఒక కొత్త చింత వచ్చి చేరుతున్నది. మందుల చీటీతోబాటు రంగుల కరపత్రం ఒకటి చేతికి వస్తుంది. బిడ్డ బొడ్డుతాడు రక్తాన్ని దాచిపెడితే జీవితాంతం ఆ బిడ్డకు అదే రక్ష అన్నది దాని సారాంశం. ఖర్చు వేల రూపాయలలో ఉంటుంది. వాయిదాలలో కట్టవచ్చునంటారు. మార్కాపురం పలకల గనికి కూలికి పోయే తండ్రి, గిద్దలూరు మిరప చేలలో పనిచేసే తల్లి ఆ కాగితం చూసి, “దాచకపోతే బిడ్డకు అన్యాయం చేసినవాళ్లమవుతామా?” అని మథనపడతారు. ఇది డబ్బు ప్రశ్న మాత్రమే కాదు, మనస్సాక్షి ప్రశ్న. కనుక నిదానంగా విచారిద్దాము.

బొడ్డుతాడులోను, మాయలోను మిగిలే నెత్తురులో రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఉంటాయి. 1988లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో డాక్టర్ ఎలియాన్ గ్లుక్‌మన్ బృందం, ఫాంకోని రక్తహీనత ఉన్న ఒక బాలునికి ఈ నెత్తురు ఎక్కించి బ్రతికించింది. ప్రపంచంలో అదే మొదటిసారి. తరువాత రక్త క్యాన్సర్, తలసేమియా వంటి జబ్బులకు కూడా ఈ చికిత్స చేశారు. కాన్పు అయ్యాక దీనిని తీయడంలో తల్లికిగాని బిడ్డకుగాని నొప్పి లేదు. పిండాలను చంపి మూలకణాలు తీయడాన్ని శ్రీసభ ఖండిస్తుంది. బొడ్డుతాడు రక్తాన్ని వాడడం మాత్రం ధర్మసమ్మతమేనని 2008 నాటి ‘దిగ్నితాస్ పెర్సోనే’ అనే పత్రం చెప్పింది.

అయితే ఒక సంగతి గమనించండి. పారిస్‌లో ఆ బాలుని బ్రతికించినది అతని సొంత నెత్తురు కాదు, చెల్లెలు పుట్టినప్పుడు తీసి ఉంచినది. తలసేమియా వంటి పుట్టు జబ్బు ఉన్న బిడ్డ సొంత బొడ్డుతాడు రక్తంలోనూ అదే లోపం ఉంటుంది. అందుచేతనే, బిడ్డ సొంత వాడకానికని ఈ రక్తాన్ని దాచడానికి శాస్త్రీయ ఆధారం లేదని భారత వైద్య పరిశోధన మండలి 2017లో స్పష్టం చేసింది. మొదటి ఇరవై ఏళ్లలో అది సొంతానికి పనికివచ్చే అవకాశం రెండున్నర వేలమందిలో ఒకరికి మొదలు రెండు లక్షలమందిలో ఒకరికి మాత్రమేనని మన దేశపు పిల్లల వైద్యుల సంఘం 2018లో తెలిపింది. ఇంట్లో పెద్దబిడ్డకు ఈ కణాలతో నయమయ్యే జబ్బు ఉండి, తల్లి మళ్లీ గర్భవతి అయితే మాత్రం దాచడం మంచిదే. అలాంటివారు కాన్పుకు చాలా ముందే వైద్యుని అడగాలి.

“లక్షలో ఒక్కరికైనా పనికివస్తుంది కదా, తల్లి ఆ ఒక్కదానికోసం దాచకూడదా?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే వివేకం అంటే ప్రతి భయానికీ వెల కట్టడం కాదు. చెవి కమ్మలు తాకట్టుపెట్టి ఆ వాయిదా కడితే, బాలింత తిండిలోనో పెద్దబిడ్డ చదువులోనో అంత కోత పడుతుంది. అనుమానపు మేలుకోసం తప్పనిసరి మేలును వదులుకోవడం తల్లిదండ్రుల బాధ్యత కాదు.

దాచడమే తప్పని నేననడం లేదు. ఎడారిలో రేపటి భయంతో దాచిన మన్నా పురుగుపట్టింది. కాని ఐగుప్తులో యోసేపు దాచిన ధాన్యం దేశాలను బ్రతికించింది. యోసేపు అందరికోసం దాచాడు. మనిషి ఆస్తి కలిగి ఉండవచ్చునుగాని, అవసరంలో ఉన్నవారికి పంచడానికి సిద్ధంగా ఉండాలని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. మన కంభం చెరువునే చూడండి. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డకట్ట వేసి కట్టిన ఆ చెరువు ఒక్క ఇంటి తొట్టి కాదు కనుకనే ఇన్ని వందల ఏళ్లుగా పొలాలు తడుస్తున్నాయి. పదహారవ బెనెడిక్ట్ పాపుగారు కూడా 2011లో, సొంతానికి దాచే బ్యాంకులు మనుషుల మధ్య సంఘీభావాన్ని బలహీనపరుస్తాయని హెచ్చరించి, ఉదారంగా దానం చేయడాన్ని ప్రోత్సహించారు.

మన ఊళ్లలో కాన్పయ్యే తల్లికి అలా దానం చేసే వీలు సులభంగా దొరకదు. అంతమాత్రాన ఆ నెత్తురు వృథా కానక్కరలేదు. అది మొదట బిడ్డది. పుట్టిన వెంటనే బొడ్డు కోయక కనీసం ఒక నిమిషం ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ వ్యవధిలో మాయలోని నెత్తురు బిడ్డకు చేరి, రాబోయే నెలలకు ఇనుము నిల్వ అవుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. తల్లులారా, కాన్పుకు ముందే డాక్టరమ్మనో నర్సమ్మనో ఈ మాట అడిగి ఉంచండి. దానం చేసే వీలు దొరికినా బిడ్డ వాటా తగ్గించి ఇవ్వకండి.

తండ్రులారా, తీవ్రమైన తలసేమియా ఉన్న పిల్లలకు కొన్ని వారాలకొకసారి నెత్తురు ఎక్కించాలి. బిడ్డ పుట్టిన సంతోషంలో మీరు రక్తదానం చేయవచ్చు. యువతీయువకులు, చెన్నైలో 2009లో మొదలైన ‘దాత్రి’ వంటి సంస్థలో మూలకణ దాతలుగా పేరు నమోదు చేసుకోవచ్చు. దానికి మొదట బుగ్గలోపలి తడి ఇస్తే చాలు.

కరపత్రంలోని బ్యాంకులో దాచలేకపోయామని ఏ తల్లీ కంట తడి పెట్టనక్కరలేదు. బిడ్డ నెత్తురు బిడ్డకు చేరనివ్వండి. మన ఒంట్లోనిది పరుల బిడ్డలకు పంచుదాము.