నేలను బట్టి పునాది



నల్లరేగడి నేలలో ఇల్లు కట్టే మేస్త్రీ పునాది లోతుగా తీస్తాడు. నేలను తిట్టడు. నేలను బట్టి పునాది.

పిల్లలకు చదువు నేర్పడం కూడా అలాంటిదే. చదవడంలో ఇబ్బంది పెట్టే డిస్లెక్సియా ఉన్న పాప కథ చక్కగా చెబుతుంది. పుస్తకం చేతికిస్తే మాత్రం ఒత్తుల దగ్గర ఆగిపోతుంది. 'ప'కీ 'వ'కీ తడబడుతుంది. మొద్దు అనకండి. ఆ మాట పెద్దయ్యాక కూడా వెంటాడుతుంది. అక్షరాన్నీ శబ్దాన్నీ జతచేయడం ఆ మెదడుకు కష్టం, అంతే.

పళ్లెంలో బియ్యం పోయండి. అక్షరం పలికిస్తూ వేలితో దిద్దించండి. కన్ను, చెవి, వేలు కలిసి నేర్చుకుంటాయి. రోజూ కాసేపు చాలు. తొందర వద్దు. నేలను బట్టి పునాది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియాను గుర్తించింది. పరీక్షలో అదనపు సమయం అడగడం పాప హక్కు. మొహమాటపడకండి. ఈరోజే బడికి వెళ్లి టీచరుగారితో మాట్లాడండి.